ఉత్తుత్తి బాబాయి వండిన నిజం కూర

తెర మీద కూర కనపడితే చాలు, అందులో ఉప్పెంత పడిందో చెప్పేస్తాను నేను. రంగు చూసి, ముక్క వాలిన తీరు చూసి, తినేవాడి దవడ కదలిక చూసి చెప్పేస్తాను. ఈ విద్య నాకు తప్ప ఇంకొకరికి రాదు, వచ్చినా ఒప్పుకోను. ఆ ధీమాతోనే ఈ కథ మొదలుపెడుతున్నాను.

టీవీ సీరియళ్లకీ సినిమాలకీ తెర మీద కనిపించే తిండి వండిపెట్టే ఆయన ఒకాయన ఉన్నాడు. యూనిట్ అంతా ఆయన్ని ఉత్తుత్తి బాబాయి అనేవాళ్లు. ఆయన వండేది చూడ్డానికే గాని తినడానికి కాదు మరి. గ్లాసులో ఉన్నవి పాలు కావు, తెల్ల జిగురు. ఐస్‌క్రీము అంటే ఉడికించి మెదిపిన బంగాళాదుంప. గింజ దేనికది విడిగా నిలబడాలని అన్నాన్ని సగం ఉడకగానే దించేసేవాడు. కూర నిగనిగలాడాలని బ్రష్షుతో గ్లిజరిన్ పూసేవాడు. పొగలు కావాలంటే తడి దూది వేడి చేసి గిన్నె వెనక దాచేవాడు. ఆయన చేసిన కేకు ఒకటి పదకొండు పుట్టినరోజులు, నాలుగు పెళ్లిరోజులు జరిపించి, చివరికి బల్లకాలి కింద ఎత్తు పెట్టుకోవడానికి పనికొచ్చిందట.

ఇంతా చేసి, ఆకలికి ఆగలేక ఎవరైనా షాటుకి ముందే ఓ ముక్క నోట్లో వేసుకుంటారని, పళ్లెం సర్దాక పైన నాలుగు చుక్కలు కిరోసిన్ చిలకరించేవాడు. ఆ వాసనకి ఈగ కూడా దణ్ణం పెట్టి వెళ్లిపోయేది. నటుల కోసం ఒక్క మూల మాత్రం చుక్క పడకుండా వదిలేవాడు. వాళ్లు ఆ మూల నుంచే రెండు చెంచాలు తీసుకుని నమిలి, కట్ అనగానే కుర్చీ పక్కనున్న బకెట్లో ఉమ్మేసేవాళ్లు. పంతొమ్మిదేళ్లలో ఆయన చేతి వంట గొంతు దిగినవాడు ఒక్కడు లేడు.

ఇంట్లోనూ అదే వరస. మూడో అంతస్తులో ఒక గది, ఒక కిటికీ, ఒక పొయ్యి. పెళ్లి కాలేదు. ఏం చేస్తుంటావని ఆడపిల్ల తరఫువాళ్లు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేవాడు, అక్కడితో సరి. ఉన్న ఒక్క చెల్లెలూ వేరే ఊళ్లో ఉంది. సీరియల్ అయిపోగానే ఫోన్ చేసి, పిల్లలు నీ కూర చూసి టీవీని నాకేసేలా ఉన్నారన్నయ్యా అనేది. అదే చెల్లెలు మొగుడితో, పిల్లలతో వచ్చిన రోజున ఆయన్ని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. నీ చేతులకి కిరోసిన్ ఇంకిపోయింది, నువ్వలా కూర్చో అంది. నవ్వుతూనే అంది. బావగారూ నవ్వారు. ఈయనా నవ్వాడు. ఆ తర్వాత ఆ పొయ్యి మీద టీ గిన్నె తప్ప ఇంకేదీ ఎక్కలేదు.

ఇలా ఉండగా ఒక సీరియల్లో అమ్మ వేషం వేసే పెద్దావిడకి ఆఖరి షూటింగు రోజు దగ్గరపడింది. ఆ పాత్ర చచ్చిపోతుంది. పోయే ముందు ఆ తల్లి ఎనిమిది కుర్చీల బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని, తనకి తనే వడ్డించుకుని తినాలి. కెమెరా మధ్యలో ఆగదు, బకెట్ ఉండదు, పళ్లెం ఖాళీ అయ్యేదాకా నిజంగా తినాలన్నాడు డైరెక్టరు. ఎల్లుండికి నిజం వంట చెయ్యగలవా బాబాయ్, లేకపోతే బయట్నుంచి తెప్పిద్దామా అని అడిగాడు. తెప్పించొద్దన్నాడు బాబాయి. ఎంత గట్టిగా అన్నాడంటే, దూరంగా కుర్చీలు సర్దుకుంటున్న ముసలాయన తలెత్తి చూశాడు.

ఆ రెండు రోజులూ ఆయన మనసు మనసులో లేదు. ఒక్క మనిషి ఒక్క పళ్లెం తిని, బాగుందయ్యా అంటే చాలు. నిమ్మచెక్కతో చేతులు తోముకున్నాడు. కొత్త గిన్నెలు కొన్నాడు. సంబంధం చూడ్డానికి వెళ్లినవాడిలా బంగాళాదుంపల్ని తిప్పి తిప్పి చూసి ఏరుకున్నాడు. సెట్ వెనక పొయ్యి పెట్టుకుని అన్నం మెత్తగా, పూర్తిగా ఉడికించాడు. ఉల్లిపాయలు ఎర్రగా వేగేదాకా కదలకుండా నిలబడ్డాడు. ఎందుకైనా మంచిదని కిరోసిన్ సీసాని సామాను గదిలో పెట్టించి తాళం వేయించాడు.

షాట్ మొదలైంది. ఆవిడ వడ్డించుకుంది. మొదటి చెంచా నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగింది. కెమెరా వెనక బాబాయి ఊపిరి కూడా ఆగింది. తర్వాత రెండో చెంచా, మూడోది. ఖాళీ కుర్చీలకేసి ఒక్కొక్కదాన్నే చూసుకుంటూ, తొందర లేకుండా, మెతుకు మిగల్చకుండా తినేసింది. కట్ అనగానే చప్పట్లు మోగాయి. లైట్లాయన కళ్లు తుడుచుకున్నాడు.

ఈ సీను టీవీలో వచ్చినప్పుడు నేనూ చూశాను. ఉప్పు అమోఘంగా కుదిరింది, ఎక్కువైతే ఓ రవ్వ ఎక్కువైందేమో అని మా ఇంటావిడకి చెప్పాను కూడా. నా విద్య ఏపాటిదో ఇక మీరే చూడండి.

సందడి సద్దుమణిగాక బాబాయి గిన్నెలో మిగిలిన కూర ఒక చెంచా నోట్లో వేసుకున్నాడు. ఉప్పు లేదు. తక్కువ కావడం కాదు, అసలు పడనే లేదు. ఉప్పేస్తే ముక్కలు నీరు వదిలి మెరుపు పోతుందని పంతొమ్మిదేళ్లుగా వెయ్యలేదాయన. రుచి చూడడం అన్నది ఉంటుందనే మరిచిపోయాడు. కిరోసిన్‌కైతే తాళం వేయించాడు గాని, చేతికి పడ్డ అలవాటుకి ఏ గదిలో తాళం వేయిస్తాడు?

మేకప్ గదికి వెళ్లాడు. ఆవిడ తెల్లజుట్టు విగ్గు తీసి, అద్దం ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. విగ్గు కింద జుట్టూ తెల్లగానే ఉంది.

"అమ్మా, కూరలో ఉప్పెయ్యడం మరిచిపోయాను."

"తెలుసయ్యా. తిన్నది నేనే కదా."

"అక్కడే ఆపేసి ఉంటే మళ్లీ చేసేవాణ్ని."

"ఆపితే ఇంకో పళ్లెం తినమంటారు. వేడిగా ఉంది, అదే చాలు. ఇన్నేళ్లుగా అన్నీ చల్లారిన పళ్లేలే. ఇంకా మిగిలిందా?"

మిగిలిందన్నాడు. తెమ్మంది. ఉప్పు కూడా తెచ్చి, ఎదురుగా ఇంకో పళ్లెం పెట్టుకుని నువ్వూ కూర్చోమంది. ఇద్దరూ కలిసి గిన్నె ఖాళీ చేశారు.

ఇప్పుడు ఒప్పుకోవాలి. తిన్నది నేనే కదా అని ఆవిడ అన్నదాకా నిజంగా జరిగింది. అంతలో బయట కారు హారన్ కొట్టింది, ఆవిడ సంచీ సర్దుకుని వెళ్లిపోయింది. బాబాయి మిగిలింది డబ్బాలో పెట్టుకుని మూడో అంతస్తు ఎక్కి, ఉప్పు చల్లుకుని తిన్నాడు. అది రాయబోతే కలం కదల్లేదు. అందుకని ఆవిడ్ని కాసేపు ఆపాను. ఆ రెండో పళ్లెం నేను కల్పించింది.