అత్తయ్య సాక్ష్యం

మా ఆయన ఎలాంటి పాడైపోయిన ఫ్రిజ్‌నైనా బాగుచేసి పెడతారు కానీ, లెక్కలు చూసుకోమంటే మాత్రం నీళ్ళు నములుతారు. షాపు అద్దెకి ఒక క్రెడిట్ కార్డు గీకారు. ఆ కార్డు బాకీకి ఇంకో కార్డు గీకారు. చివరికి కార్డు కంపెనీ వాళ్ళు కోర్టుకెక్కారు.

సమన్లు వచ్చిన రోజు వాటిని మడిచి అల్మరాలో పడేసి, ఏమీ జరగనట్టు పనికి వెళ్ళిపోయారు. నేనే పట్టుకుని లాయరమ్మ దగ్గరికి పరిగెత్తాను. జవాబివ్వకుండా కూర్చుంటే ఉన్నదంతా ఊడ్చుకుపోతారని ఆవిడ నన్ను కోప్పడింది. బాకీ నిజమే కాబట్టి తీర్పు కంపెనీకే వచ్చింది. అయినా పనిముట్లు, వంటసామాను, మంచాలు ఎవరూ ముట్టుకోకూడదని లాయరమ్మ చెప్తే హమ్మయ్య అనుకున్నాను. ఆ వారమే కంపెనీ వాళ్ళు కోర్టు ద్వారా బ్యాంకు ఖాతా ఆపించేశారు.

అందులో ఉన్నది మా అత్తయ్య పింఛను. ఆసుపత్రి లాండ్రీలో ఏళ్ళ తరబడి దుప్పట్లు ఉతికినందుకు వచ్చేది. ఆవిడ బ్యాంకు మెట్లు ఎక్కలేకపోతోందని ఖాతాలో మా ఆయన పేరు కూడా చేర్పించాం. పెద్ద తెలివైనవాళ్ళం కదా మరి. ఆయన సంపాదన అద్దెకే సరిపోదు. సరుకులకు అత్తయ్యే అడక్కుండా నా చేతిలో పెట్టేది. ఆ పింఛను రాకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

డబ్బు పూర్తిగా తనదేనని ఆవిడే జడ్జి ముందు చెప్పాలంది లాయరమ్మ. "ఈ డబ్బుతో మా అబ్బాయికి సంబంధం లేదు" అన్న ఒక్క ముక్క చాలట. మా ఆయన రోజూ భోజనాల దగ్గర అది వల్లెవేయించారు. కొడుకుతో సంబంధం లేదని ఏ నోటితో అననురా అని ఆవిడది ఒకటే పాట. ఆయన విసుక్కునేవారు. నిజం చెప్పొద్దూ, నాకూ విసుగే. మా ఇంట్లో ఒకరి మొహం ఒకరం చూసుకునే ఓపిక కూడా లేకుండా పోయింది.

కోర్టులో మా వంతు వచ్చేసరికి అందరి నడుములూ పడిపోయాయి. ఒకే ఇంట్లో ఉంటూ కొడుకు ఆ డబ్బు వాడుకోవడం లేదంటే ఎవరు నమ్ముతారని కంపెనీ లాయరు ఎగతాళిగా నవ్వాడు. మీ అబ్బాయి మిమ్మల్ని డబ్బు అడుగుతుంటాడా అని జడ్జిగారు అత్తయ్యనే అడిగారు.

నేర్పిన ముక్క ఆవిడకి గుర్తు రాలేదు.

"మావాడు నన్ను ఏదీ అడగడండీ. డబ్బూ అడగడు, తిన్నావా అనీ అడగడు. మోకాళ్ళు ఎలా ఉన్నాయనీ అడగడు. పాపం, వాడికి తీరికుండదు."

చాడీ చెప్పినట్టు కాదు, ఉన్నమాట అన్నట్టు చెప్పింది. కంపెనీ లాయరు ఫైలు మూసేశాడు. పింఛను విడిచిపెట్టమని జడ్జిగారు ఉత్తర్వు రాశారు. లాయరమ్మ సంతోషంగా నా చెయ్యి నొక్కింది. మా ఆయన వైపు చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు.

బస్సులో ఆయన వాళ్ళమ్మ పక్కన కూర్చున్నారు. సగం దారి దాటాక ఆవిడ వైపు తిరిగారు.

"అమ్మా, మోకాళ్ళు ఎలా ఉన్నాయే?"

అత్తయ్య కొడుకు చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"అదంతా డబ్బు విడిపించుకోవడానికి అన్న మాట నాన్నా. నువ్వు మనసులో పెట్టుకోకు."

మోకాళ్ళు ఎలా ఉన్నాయో మాత్రం చెప్పలేదు.