యజమాని పేరు

“ఎలాగూ ఖాళీగానే ఉంటావు కదా, ఆ పాత జనాభా లెక్కలేవో తిరగేసి మావాళ్ళ చరిత్ర ఒక పేజీ రాసిపెట్టు,” అన్నాడు కీత్.

ఆ మాట అనే సమయానికి డెనీస్ దుప్పటి అంచు ఒకటి గడ్డం కింద నొక్కిపెట్టి, రెండో అంచు చేతులు బారజాపి పట్టుకుని మడత పెడుతోంది. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరుక్కుని ఉంది. శనివారం పడవలోకి కుక్కను ఎక్కనిస్తారా అని అవతల లీడ్స్ నుంచి ఎవరో ఆవిడ అడుగుతోంది. ఎక్కనిస్తాం, కానీ పక్షుల దీవి దగ్గర తాడు కట్టి ఉంచాలి అని చెప్పి డెనీస్ ఫోను పెట్టేసింది. “ఖాళీగా” అన్న మాట నోట్లో పంటి కింద రాయిలా తగిలింది. ఏమీ అనలేదు. అనకపోవడం కూడా ఆ ఇంట్లో ఒక పనే, మిగతా పనుల్లాగే లెక్కలోకి రాని పని.

స్కార్‌విక్ రేవులో థీకర్ల పడవలంటే తెలియనివాళ్ళుండరు. ఒకప్పుడు చేపలు పట్టేవి, ఇప్పుడు యాత్రికుల్ని సముద్రపక్షుల దగ్గరికి తీసుకెళ్తాయి. కీత్ పడవ నడుపుతాడు. గట్టు మీద యాత్రికులకు అద్దెకిచ్చే కుటీరాలు రెండున్నాయి. వాటిని ఊడ్చి, తుడిచి, పక్కలు మార్చేది డెనీస్. ఫోన్లు ఆవిడవే, జమాఖర్చులు ఆవిడవే, లైఫ్ జాకెట్ల ఉప్పు కడగడం ఆవిడదే. పక్కవాటాలో ఉండే అత్తగారు ఎడ్నాని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేదీ ఆవిడే. జీతం మాట ఎప్పుడూ రాలేదు. “మన వ్యాపారమే కదా,” అంటాడు కీత్. బ్యాంకులో మాత్రం అది అతని వ్యాపారం.

మొన్నటి జనాభా లెక్కలప్పుడు వంటింటి బల్ల దగ్గర కూర్చుని కంప్యూటర్లో వివరాలు నింపుతూ, “నీకేం రాయమంటావు? జీతం లేదంటే పని లేనట్టే కదా, లేదనే కొట్టేస్తున్నా,” అన్నాడు. అన్నంత పనీ చేశాడు. అప్పుడు ఆవిడ చేతులు మోచేతుల దాకా సబ్బునురగలో ఉన్నాయి. “ఏదో ఒకటి రాయి,” అంది. ఆ ఏదో ఒకటి ఇంకో వందేళ్ళకి ఎవరో మునిమనవరాలు తెరిచి చూస్తుందనీ, అందులో తను పనీపాటా లేని మనిషిగా కూర్చుని ఉంటుందనీ అప్పుడు తట్టలేదు.

సంస్థకి కొత్త బోర్డు పెడుతున్నారు. “థీకర్ అండ్ సన్స్, 1919 నుంచి”. పాత బోర్డు మీదున్న అక్షరాలే, కాకపోతే ఈసారి పక్కన కీత్ ముత్తాత మాథ్యూ బొమ్మ కూడా. గుబురు గడ్డం, నోట్లో పైపు. మాథ్యూ ఫొటో ఒక్కటీ లేదు కాబట్టి ఆ గడ్డం, ఆ పైపు బొమ్మ వేసినవాడి ఊహ. మాథ్యూ తన కొడుకుల్ని పెట్టుకుని సంస్థ మొదలెట్టాడని కీత్‌కి వాళ్ళ తాత రాబర్ట్ చెప్పాడు. దానికి తగ్గట్టు కరపత్రంలో వెయ్యడానికి ఒక పేజీ కావాలి.

గురువారాలు ఎడ్నాని ఆసుపత్రిలో వ్యాయామానికి దింపి, మళ్ళీ తీసుకొచ్చేలోపు డెనీస్ పట్టణంలోని గ్రంథాలయానికి వెళ్ళేది. మొదట ఇంకో చాకిరీ అనుకుంది. కానీ కంప్యూటర్ తెర మీద 1911 నాటి కాగితం తెరుచుకున్నాక తను కోటు విప్పడం కూడా మర్చిపోయింది.

ఇంటి పెద్ద, మాథ్యూ థీకర్, నలభై ఒకటి, చేపలు పట్టడం. భార్య, థామసిన్, ముప్పై ఎనిమిది. పుట్టిన పిల్లలు ఏడుగురు, బతికున్నవాళ్ళు నలుగురు, పోయినవాళ్ళు ముగ్గురు. కాగితమంతా ఒకే చేతిరాత, పొందికగా, బడిలో అక్షరాలు శ్రద్ధగా దిద్దుకున్న ఆడపిల్ల రాతలా. అడుగున సంతకం ఒక్కటే వేరు, కర్రతో ఇసుకలో గీసినట్టు లావుగా, వంకరగా, మాథ్యూది. అంటే రాసింది ఆవిడే. తన పేరు పక్కన, పని అన్న గడిలో కూడా ఆవిడ రాసుకుంది: గాలాలకు ఎర గుచ్చుట, చేపలు మోసి అమ్ముట. దాని మీద అడ్డంగా ఒక గీత. లావుగా, వంకరగా, సంతకం పెట్టిన చెయ్యే.

డెనీస్ ఆ గీతను చాలాసేపు చూసింది. ఆ వంటింటి బల్ల దగ్గర ఏం జరిగి ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు. కాగితం ముందుకు లాక్కుని, “ఇదేంటి? నీదీ ఒక పనేనా?” అని ఉంటాడు. కోపంగా కూడా కాదు, నవ్వుతూనే అని ఉంటాడు. ఆ నవ్వు డెనీస్‌కి బాగా తెలుసు. తెల్లారకముందే రాళ్ళ మీద మోకాళ్ళు చీరుకుపోయేలా ఆల్చిప్పలు ఏరి, వాటి మాంసం గీకి, వందల గాలాలకి ఒక్కొక్కటే గుచ్చి, మంచులో గడ్డకట్టిన వేళ్ళని చంకల్లో దాచుకునే ఆడది. ముగ్గురు పిల్లల్ని మట్టిలో పెట్టిన ఆడది. పోయినవాళ్ళు ముగ్గురు అన్న లెక్క మాత్రం కొట్టెయ్యకుండా వదిలేశాడు. కనీసం ఒక్కసారి రాసుకుంది కదా, అనుకుంది డెనీస్. నేను ఏదో ఒకటి రాయమన్నాను.

తర్వాతి గురువారం 1921 కాగితం తీసింది. ఈసారి ఇంటి పెద్ద గడిలో మాథ్యూ లేడు. థామసిన్ థీకర్, వితంతువు. పని గడిలో అదే పొందికైన రాత: చేపల పడవల యజమాని. కింద కొడుకులు రాబర్ట్, విల్‌ఫ్రెడ్, పడవ పని. ఎవరి దగ్గర పనిచేస్తున్నారు అన్న గడిలో ఇద్దరికీ ఒకటే జవాబు: శ్రీమతి టి. థీకర్, తల్లి.

నవ్వొచ్చింది డెనీస్‌కి. గట్టిగానే నవ్వింది. పక్క బల్ల దగ్గర పేపరు చదువుకుంటున్న ముసలాయన కళ్ళజోడు పైనుంచి చూశాడు.

కారులో ఎడ్నాని కూర్చోబెట్టి బెల్టు పెడుతూ అడిగింది. “ఎడ్నా, మాథ్యూ ఎప్పుడు పోయాడో మీకు తెలుసా?”

“యుద్ధానికి ముందే. పంతొమ్మిది వందల పదమూడు తుపానులో పడవతో సహా పోయాడు. శవం కూడా దొరకలేదు.”

“మరి పంతొమ్మిదిలో సంస్థ ఎవరు పెట్టారు?”

ఎడ్నా కిటికీలోంచి బయటికి చూసింది. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. “మా ఇంటి ఆడవాళ్ళు నోరు మూసుకుని పని చేస్తారమ్మాయ్,” అని కోడలికి పెళ్ళయిన కొత్తలోనే చెప్పిన మనిషి. “థామసినే. ఇంకెవరు? రెండు పడవలు కొంది. కొడుకులకి శనివారం జీతాలిచ్చేది. బూట్లు తుడుచుకోకుండా లోపలికి వస్తే రాబర్ట్‌ని గుమ్మంలోంచే వెనక్కి పంపేది. నేనప్పటికి ఇదే రేవులో చిన్నపిల్లని. ఎర గుచ్చడం ఆవిడే నేర్పింది నాకు. ఆవిడ పోయాక రాబర్ట్ తన తండ్రి పేరు చెప్పడం మొదలెట్టాడు. మగాడు అమ్మ దగ్గర కూలికి చేశాడంటే నామర్దా కదా.”

“ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“నన్నెవరడిగారు?” అంది ఎడ్నా.

ఆ సాయంత్రం డెనీస్ రెండు కాగితాల నకళ్ళూ కీత్ ముందు పెట్టింది. అతను తింటూనే ఓ చూపు చూశాడు. “కాగితం మీద ఎవరిదో ఒకరి పేరుండాలి. పిల్లలు చిన్నవాళ్ళు కాబట్టి ఆవిడ పేరు పెట్టుంటారు.”

“రాబర్ట్‌కి అప్పటికి ఇరవై నాలుగు. నీకు ఇరవై నాలుగప్పుడు మీ నాన్న పడవ ఇస్తే, నేను పెద్దవాణ్ణి, నాకు తెలుసు అనేవాడివి.”

“బొమ్మ వేయించేశాను డెనీస్. కరపత్రం అచ్చుకి వెళ్ళాలి. జనానికి కావాల్సింది గడ్డమున్న జాలరి, నీ పరిశోధన కాదు. నువ్వొక్క పేజీ రాయలేవా? ఇంతకీ రెండో కుటీరంలో తువ్వాళ్ళు మార్చావా?”

మార్చింది. మార్చాక తిరిగొచ్చి పేజీ కూడా రాసింది. అతను అడిగిన పేజీ కాదు. అతను దాన్ని పక్కన పడేసి, తనే నాలుగు ముక్కలు రాసి అచ్చుకి పంపుకున్నాడు.

బోర్డు ఆవిష్కరించే రోజు రేవంతా జనం. గాలికి గుడ్డ టపటప కొట్టుకుంటోంది. శాండ్‌విచ్‌లు డెనీస్ చేసినవే, ఆవిడ పళ్ళెం పట్టుకునే నిలబడి ఉంది. కీత్ గొంతు సవరించుకుని, “మా ముత్తాత మాథ్యూ, తన ఇద్దరు కొడుకుల్ని వెంటేసుకుని, 1919లో ఈ రేవులోనే...” అని మొదలెట్టాడు.

డెనీస్ పళ్ళెం కింద పెట్టింది.

“అప్పటికి మాథ్యూ చనిపోయి ఆరేళ్ళు, కీత్,” అంది. అరవలేదు. అయినా గాలికి ఎదురుగా కూడా ఆ మాట అందరికీ వినబడింది. జేబులోంచి పేజీ తీసి చదివింది. ఎవరు ఎర గుచ్చిందో, ఎవరి పేరు మీద ఎవరు గీత గీశారో, ఎవరు పడవలు కొన్నారో, ఎవరు ఎవరికి కూలీలో చదివింది. పోయిన ముగ్గురు పిల్లల గురించి కూడా వదల్లేదు. ముసలి జాలర్లలో ఒకడు, “అయితే థీకరంటే ఆవిడన్నమాట! సన్స్ అంటే కూలీలు!” అని తొడ చరుచుకుని నవ్వాడు. కీత్ మొహం ఉడికిన పీతలా ఎర్రబడింది. “అమ్మా, నువ్వైనా చెప్పు,” అన్నాడు తల్లివైపు తిరిగి.

ఎడ్నా చక్రాల కుర్చీలో కంబళి సర్దుకుంది. “ఏం చెప్పను? అమ్మాయి చదివిందంతా నిజమే. ఆ గడ్డం ఎవరిదో నాకూ తెలీదు,” అంది.

ఇంటికొచ్చాక కీత్ తలుపు ధడాలున వేశాడు. “నలుగురిలో నా పరువు తీశావు. ఏం కావాలి నీకు? ఎప్పుడో చచ్చిన ఆడదానికోసం ఇంత గొడవా?”

“ఆవిడ కోసం కాదు. ఆవిడకి రావాల్సింది ఆవిడే తీసుకుంది. నేనే తీసుకోలేదు.” డెనీస్ కుటీరాల తాళాలు, సంస్థ ఫోను బల్ల మీద పెట్టింది. “సోమవారం నుంచి ఇవి నీవి. నేను పని చెయ్యాలంటే సగం వాటాకి భాగస్వామిగా రాయించు. అప్పటిదాకా నేను నువ్వు రాసినట్టే ఉంటాను, పని లేకుండా.”

“బెదిరిస్తున్నావా?”

“కాదు. చెబుతున్నాను.”

కీత్ నవ్వాడు, అదే నవ్వు. ఈస్టర్ వారాంతం దాకా ఆ నవ్వు నిలిచింది. ఒకే శనివారానికి పడవలో రెండు గుంపుల్ని ఒప్పుకున్నాడు. ఎర్ర తువ్వాలుతో కలిపి ఉతికితే తెల్ల దుప్పట్లన్నీ గులాబీ రంగెక్కాయి. స్నానాలగది చూసి మాంచెస్టర్ వాళ్ళు ఒక్క రాత్రైనా ఉండకుండా వెళ్ళిపోయారు. ఫోను మోగుతూనే ఉండేది. లేచి అందుకోవాలని డెనీస్ చెయ్యి తనంతట తనే కదిలేది. ఆ చేతిని ఆపుకోవడం, జీవితంలో చేసిన పనులన్నిటికన్నా కష్టమనిపించింది. అలాంటప్పుడు కోటు వేసుకుని పక్కవాటాకి వెళ్ళి ఎడ్నా దగ్గర కూర్చునేది. “లేవకు,” అనేది ఎడ్నా పేకముక్కలు పంచుతూ. “మోగనీ. నేనూ లేచి లేచే ఈ మోకాళ్ళు పోగొట్టుకున్నాను.”

వసంతం ముదిరాక, గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయి, కీత్ ఒక సాయంత్రం లాయరు దగ్గరి నుంచి కాగితాలు తెచ్చాడు. బల్ల మీద పడేసి, పెన్ను మూత తీసి ఆవిడ వైపు జరిపాడు. “ఇదిగో, నువ్వడిగిందే. రాత్రి ఎనిమిదికి ఆయనకి ఇచ్చెయ్యాలి. సంతకం పెట్టు.”

డెనీస్ పెన్ను ముట్టుకోలేదు. కళ్ళజోడు పెట్టుకుని కుర్చీ దీపం వైపు జరుపుకుంది.

“చదవాలి.”

“ఇంకా చదవడమేంటి? నా మీద నమ్మకం లేదా?”

“ఉంది కీత్. అందుకే ముప్పై ఏళ్ళుగా ఏ కాగితమూ చదవలేదు,” అని మొదటి పేజీ తిప్పింది.