పరుపు కింద పోయిన పేరా

ఆదివారం అనుబంధంలో వారం వారం సైన్సు కబుర్లు రాసే ఆయన్ని ఆఫీసులో అందరూ చిర్రుబుర్రు అంటారు. వెనకాల అనుకునే మాటే గానీ ఆయనకి తెలుసు. తెలిసి, ఒకటి రెండుసార్లు దాని మీద కూడా చిర్రుబుర్రులాడాడు.

పొద్దున్నే వార్తలు చూడకపోతే ఆయనకి తోచదు, చూస్తే ఒళ్ళు మండుతుంది. చంద్రుడి మీద నీళ్ళున్నాయని తేలిందట. మళ్ళీ తేలింది! ఏడాదికోసారి తేలుతూనే ఉంది, ఆయన వంటింటి కుళాయికి మాత్రం ఆ కబురు అందలేదు. ఎవరో కోటీశ్వరుడు రాకెట్టెక్కి, టీ చల్లారేలోపు పైకి పోయి కిందికొచ్చి, మనిషెంత అల్పుడో ఇప్పుడు తెలిసిందన్నాడట. ఆ మాత్రానికి అంత పొగ దేనికి, ఆఫీసుల వేళ సిటీ బస్సెక్కితే చాలదూ? పాలు అయిపోయాయని నోటితో చెప్పే ఫ్రిజ్జు వచ్చిందట. తలుపు తీస్తే కళ్ళకే కనబడుతుంది కదరా నాయనా! ఇక ఎలుకల వైభోగం చెప్పనే అక్కర్లేదు. క్యాన్సరు, మతిమరుపు, బట్టతల, ముసలితనం, ఎలుకకి నయం కాని జబ్బు ఈ భూమ్మీద లేదు. మనిషి వంతు వచ్చేసరికి మాత్రం ఇంకో పదేళ్ళు ఆగమంటారు. ఆయన ఉద్యోగంలో చేరిన రోజునా పదేళ్ళే అన్నారు, ఇవాళా పదేళ్ళే అంటున్నారు.

ఇంత మంటా కడుపులో పెట్టుకుని, కాగితం మీద మాత్రం ఆయన తిట్టడు. తిట్టడం ఎవరికైనా వస్తుంది, పొగిడి చంపడమే విద్య అని ఆయన నమ్మకం. కాబట్టి వ్యాసం మొదటి నుంచీ ఆకాశానికెత్తుతాడు. ఆహా అంటాడు, ఓహో అంటాడు, ఇన్నాళ్ళూ ఇది లేకుండా మనం ఎలా బతికామో అంటాడు. చదివేవాడు సరే సరే అని తలూపుతూ వచ్చాక, చివరి పేరాలో వాత పెడతాడు. ఆ ఒక్క పేరా కోసమే మిగతాదంతా. రాసి ఆఫీసుకి పంపాక ఇక దాని మొహం చూడడు. అచ్చులో ఒక్క తప్పు కనబడ్డా ఆ పూట అన్నం సయించదు మరి, అందుకని చూడడమే మానేశాడు.

ఆ శుక్రవారం పొద్దున వదిన ఫోను చేసింది.

"మీ అన్నయ్యని కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళాలయ్యా. నిన్న ఉలి దెబ్బ బొటనవేలి మీద పడింది. అది సరే అనుకో, పనిలో తగుల్తాయి. వారం నుంచీ గుమ్మాలకి గుద్దుకుంటున్నారు. ఎప్పుడూ కుడి భుజమే. నేనడిగితే నా మీద కసురుతున్నారు."

అన్నయ్య వడ్రంగి. కిటికీలూ తలుపులూ చేస్తాడు. సొంతంగా తాను బిగించిన గుమ్మానికి తానే గుద్దుకునే మనిషి కాదు. ఎన్నో ఏళ్ళుగా ఆయనకి కంట్లో ఒత్తిడి జబ్బు. నీటికాసులంటారే, అది. నొప్పీ గిప్పీ ఉండదు, చూపుని పక్కల నుంచి మెల్లిగా తినేస్తుంది. రోజూ రాత్రి రెండు కళ్ళలోనూ చుక్కల మందు వేసుకుంటే కదలకుండా ఉంటుంది. వేసుకున్నంతకాలం ఉంది కూడా.

చిర్రుబుర్రే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ కంట్లో ఒత్తిడి కొలిచింది. మళ్ళీ కొలిచింది. చీకటిగదిలో కూర్చోబెట్టి పరీక్ష చేయించింది. కాగితం మీద నల్లగా వచ్చిన బొమ్మ వైపు చూస్తూ అడిగింది.

"చుక్కలు వేసుకుంటున్నారా?"

అన్నయ్య స్కూల్లో తప్పు చేసి దొరికిన పిల్లాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"వేసుకుంటున్నాడండీ, తప్పకుండా వేసుకుంటాడు" అన్నాడు చిర్రుబుర్రు.

"ఆయన్ని చెప్పనివ్వండి."

"మానేశానమ్మా," అన్నాడు అన్నయ్య. "ఆరు నెలలైంది. ఆ చుక్కలు మంటెత్తుతాయి, రాత్రంతా కళ్ళు ఎర్రబడతాయి. ఇప్పుడు ఎర్రదీపం పెట్టుకుంటున్నా. పొద్దున్నే కాసేపు దానికేసి చూస్తా." తమ్ముడి వైపు తిరిగి నవ్వాడు. "నువ్వే రాశావుగా. బాగయ్యాక చెబుదామని ఊరుకున్నా."

దీపం సంగతి చిర్రుబుర్రుకి గుర్తుంది. ఎర్రటి వెలుతురు చిమ్మే ఒక డబ్బా, దానికేసి చూస్తే అన్ని కంటిజబ్బులూ పోతాయని ఎవరో కంపెనీవాళ్ళు ఊదరగొట్టారు. తాను దాన్ని చీల్చి చెండాడాడు. పైగా ఆ వ్యాసం తనకెంతో నచ్చింది.

డాక్టరమ్మ తిన్నగా చెప్పింది. కుడికన్ను చూపు చాలావరకు పోయింది, పోయింది ఇక రాదు. ఎడమకన్ను ఇంకా చేతిలో ఉంది. ఇవాళ్టి నుంచే చుక్కలు మొదలుపెట్టాలి, ఒత్తిడి దిగకపోతే ఆపరేషన్ చెయ్యాలి.

"పనికి ఇబ్బంది లేదు కదా?" అని అడిగాడు అన్నయ్య.

"రంపపు మిషను దగ్గరికి వెళ్ళకండి" అంది ఆవిడ. అన్నయ్య బతుకంతా ఆ మిషను దగ్గరే.

ఇంటికి రాగానే చిర్రుబుర్రు ఆ వ్యాసం చూపించమన్నాడు. వదిన బీరువా తలుపు తీసింది. లోపలివైపు తమ్ముడి వ్యాసాలన్నీ వరసగా అంటించి ఉన్నాయి. ఆయన దీపం వ్యాసం చదివాడు. మొదటిసారి అచ్చులో చదివాడు. ఆహా ఉంది. ఓహో ఉంది. ఇన్నాళ్ళూ ఎలా బతికామో ఉంది. 'కంటి డాక్టర్లంతా ఇక దుకాణాలు కట్టేసుకోవచ్చు' అనే వాక్యం దగ్గర వ్యాసం ఆగిపోయింది. దాని కింద ప్రకటన, ఒక పెద్ద పరుపు, పరుపు మీద హాయిగా నిద్రపోతున్న ఒక జంట.

చివరి పేరా లేదు.

దీన్ని పరీక్షించింది గుప్పెడు మంది మీదేననీ, ఆ గుప్పెడూ కంపెనీ జీతగాళ్ళేననీ, చూపు మీద ఏ మాత్రం ఆశ ఉన్నవాళ్ళైనా చుక్కల మందు మానొద్దనీ ఆ పేరాలో రాశాడు. ఆ పేరా మీద పరుపు పరిచారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఊపులోనే ఆఫీసుకి వెళ్ళాడు. పేజీలు పెట్టే డెస్కు ఇన్‌చార్జి కంప్యూటర్ ముందు కూర్చుని తాపీగా బిస్కెట్టు తింటున్నాడు.

"నా పేరా ఎవడు కోశాడు?"

"ఏ పేరా సార్?"

చెప్పాడు. చెప్పలేదు, అరిచాడు. అటూ ఇటూ కుర్చీలు తిరిగాయి. ఇన్‌చార్జి పాత పేజీ తెరిచి చూశాడు.

"అవును సార్, ఆఖరి నిమిషంలో ప్రకటన వచ్చింది. చోటు చాల్లేదు, కింద నుంచి కోశాం. ఎప్పుడైనా కింద నుంచే కోస్తాం కదండీ. ముఖ్యమైనది పైన ఉంటుంది, కింద ఉన్నది పోయినా ఫర్వాలేదు."

"అది వార్తలకయ్యా! నాది వార్త కాదు! నాకు ముఖ్యమైనది కిందే ఉంటుంది!"

"ఆ సంగతి పేజీకి తెలీదు కదండీ" అన్నాడతను. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. అది ఇంకా మండించింది.

"చదవరా? కోసేముందు ఏం కోస్తున్నారో ఒక్కసారి చదవరా? మా అన్నయ్య కన్ను పోయిందయ్యా! మీ పరుపు కింద పోయింది!"

ఇన్‌చార్జి బిస్కెట్టు పక్కన పెట్టేశాడు. అయినా ఏం లాభం? చిర్రుబుర్రు అప్పటికే ఎడిటర్ గదిలోకి దూసుకెళ్ళాడు.

ఎడిటర్ అంతా విన్నాడు. అయ్యో అన్నాడు. కూర్చోమన్నాడు. ఈయన కూర్చోలేదు.

"రేపే సవరణ వెయ్యాలి. మొదటి పేజీలో."

"ఆరు నెలల కిందటి దానికి మొదటి పేజీలో ఎలా వేస్తామండీ? అనుబంధంలో వచ్చింది అనుబంధంలోనే సవరించాలి. ఈ ఆదివారంది అచ్చుకెళ్ళిపోయింది. వచ్చే ఆదివారం వేద్దాం, నాలుగు లైన్లు."

"ఈలోపు ఎంతమంది ఆ డబ్బాకేసి చూస్తూ కూర్చుంటారో తెలుసా మీకు? నాలుగు లైన్లట! పరుపుకైతే అర పేజీ ఇస్తారు, కళ్ళకి నాలుగు లైన్లా?"

"నా మీద అరిస్తే ఏమొస్తుంది?" ఎడిటర్‌కీ చిర్రెత్తింది. "మీరు అచ్చయ్యాక ఒక్కసారైనా చూసుకున్నారా? ఆ ఆదివారమే చూసుంటే పై ఆదివారమే సవరణ వేసేవాళ్ళం. మందు మానొద్దని చెప్పదలుచుకున్న మనిషి ఆ మాట ముందే చెప్పొచ్చుగా? అంతసేపు దాచిపెట్టడం దేనికి?"

చిర్రుబుర్రు దగ్గర అన్నిటికీ జవాబుంటుంది. చంద్రుడి నీళ్ళకీ, మాట్లాడే ఫ్రిజ్జుకీ ఉంది. దీనికి తలుపే జవాబు. దాన్ని దఢాలున వేసి బయటికొచ్చేశాడు. ఆ తలుపు మీద ఉన్నంత కోపమూ తన మీద కూడా ఉందని మెట్లు దిగుతుంటే తెలిసింది, దాంతో అది రెట్టింపైంది.

తిరిగి వెళ్ళేసరికి అన్నయ్య కుర్చీలో వెల్లకిలా తల వాల్చి ఉన్నాడు, వదిన చుక్కలు వేస్తోంది. మందు మంటకి ఆయన కాళ్ళవేళ్ళు ముడుచుకున్నాయి.

"సవరణ వచ్చే ఆదివారం వేస్తారట అన్నయ్యా. నేను ఊరుకోను, కోర్టుకెక్కుతా..."

"అదంతా తర్వాత. ముందు కింద వాటాలో మిషను కుట్టే ఆవిడ దగ్గరికి పోదాం పద." అన్నయ్య కళ్ళు మూసుకునే అన్నాడు. "ఆవిడకీ నా జబ్బే. ఆసుపత్రి వరసలో కలుస్తుండేవాళ్ళం. నీ వ్యాసం ఆవిడకీ ఇచ్చాను. మా తమ్ముడు రాశాడని చెప్పి మరీ ఇచ్చాను."

దర్జీ ఆవిడ గదిలో మిషను కిటికీ పక్కనే ఉంది. చుట్టూ కత్తిరించిన ముక్కలు, గోడకి కొలతల టేపు, మిషను బల్ల మీద దారపు రీళ్ళ మధ్య ఆ ఎర్రదీపం. దాని పైన గోడకి ఆ వ్యాసం. చిర్రుబుర్రుని చూడగానే ఆవిడ మొహం విప్పారింది.

"మీరేనా బాబూ! రండి రండి. మీ ధర్మమా అని ఆ మంట మందు వదిలింది."

"అది పనిచెయ్యదమ్మా. ఆ దీపం ఉత్త మోసం. ఇవాళే చుక్కలు మొదలుపెట్టండి."

ఆవిడ నవ్వు ఆగింది. గోడ వైపు చూసింది, ఆయన వైపు చూసింది.

"ఇది మీరు రాసింది కాదా?"

"నేనే రాశాను. చివర ఇంకో పేరా ఉంది, దాన్ని కోసేశారు." ఆ పేరా అంతా గుమ్మంలో నిలబడి అప్పజెప్పాడు. ఎక్కడ ఏ మాట నొక్కాలో కూడా మర్చిపోలేదు.

"బాగుంది బాబూ. మరి పేపర్లో లేదే?"

"అదే చెబుతున్నానమ్మా, కోసేశారు!"

"ఎవరైనా అంత ముఖ్యమైంది కోస్తారా? పైనంతా బంగారంలా ఉందని రాసి, కింద మోసం అని ఎందుకు రాస్తారు? డాక్టర్లెవరైనా మిమ్మల్ని బెదిరించారా?"

"ఎవరూ బెదిరించలేదు! అది వెటకారం! వెటకారంగా పొగిడాను!"

"నాతో వెటకారం దేనికి బాబూ? నేనేం చేశాను మీకు?" ఆవిడకి కోపం వచ్చింది. "పేపర్లో వస్తే అప్పుడు దీపం మానేస్తాలెండి. నాకు పనుంది."

తన పేరు కింద అచ్చయిన మాట ముందు చిర్రుబుర్రే పనికిరాకుండా పోయాడు. ఏం చెప్పినా ఆ గోడ మీది కాగితమే గెలుస్తోంది.

అన్నయ్య తమ్ముణ్ణి పక్కకి నెట్టి లోపలికి వచ్చాడు. వస్తూ కుడి భుజం గుమ్మానికి కొట్టుకున్నాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఆ రోజు పెంచాడు.

"వాడి మాట వద్దు, పేపర్ మాట వద్దు. నేనిచ్చిన కాగితమేగా అది? నా సంగతి చూడు." ఎడమకన్ను అరచేత్తో మూశాడు. "ఇదిగో, నాకు కుడివైపుకి రా. నీ చెయ్యి చాపి మెల్లిగా దగ్గరికి తీసుకురా. కనబడగానే చెబుతా."

ఆవిడ మొహమాటపడుతూనే లేచి వచ్చింది. చెయ్యి చాపింది. దగ్గరికి జరిపింది. అన్నయ్య ఎదురుగా కిటికీకేసి చూస్తూ నిలబడ్డాడు. ఇంకా దగ్గరికి జరిపింది. ఆయన చెప్పలేదు. భుజం దాకా వచ్చింది, చెవి దాకా వచ్చింది. ఆయన కళ్ళు కదపకుండా ఎదురుగా చూస్తూనే ఉన్నాడు. ఆవిడ వేళ్ళు చెంపకి తగిలాయి. అన్నయ్య ఉలిక్కిపడ్డాడు.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని చీరకి తుడుచుకుంది. దీపం ఆపేసింది.

"ఆసుపత్రి ఎన్నింటిదాకా ఉంటుంది అన్నా?"

"ఇంకా ఉంటుంది. నడు, ఆటో పిలుస్తా."

ఆవిడ తలుపు తాళం వేస్తుంటే అన్నదమ్ములు మెట్ల దగ్గర నిలబడ్డారు. చిర్రుబుర్రు పళ్ళు నూరుతున్నాడు. ఆ డబ్బా అమ్మినవాణ్ణి, ఆ పరుపు అమ్మినవాణ్ణి, ఆ డెస్కునీ, ఆ ఎడిటర్నీ పేరుపేరునా తిడుతున్నాడు. ఒక్కొక్కణ్ణీ రోడ్డు మీదికి లాగుతానంటున్నాడు. అన్నయ్య కాసేపు విన్నాడు. కుడివైపు తమ్ముడు కనబడక, తల పూర్తిగా తిప్పి చూశాడు.

"ఇంత కోపం ఉంది కదరా నీకు," అన్నాడు. "మరి పొగిడావెందుకు?"