జానకీ అన్న కేక

మురళీమోహన్ ఆ మాట అనలేదు. అన్నాడని కలకత్తా అంతా నమ్మింది. అనలేదని తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఒకడు అతని స్నేహితుడు జానకిరామ్. ఒంట్లో బాగాలేదని బ్యాంకుకి సెలవు పెట్టి మ్యాచ్‌కి వచ్చినవాడు కాబట్టి అతను నోరు విప్పడు. రెండోదాన్ని నేను. నేనెందుకు విప్పాలి?

మాది ఖిదిర్‌పూర్. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి ఓడరేవులో డాక్ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు మావి. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. తెలుగు బళ్ళో నేర్చుకున్నాను, బెంగాలీ వీధిలో నేర్చుకున్నాను. మా ఆయన పోలిరాజుకి యూనియన్ వాళ్ళు రెండు టికెట్లు ఇచ్చారు. హైదరాబాద్ జట్టు ఈడెన్‌లో ఆడుతోందని అతనికి ఒకటే సంబరం. మా అబ్బాయి మధుబాబుకి అప్పటికి ఇంకా నడక రాలేదు. వాడిని అంత జనంలోకి తీసుకెళ్ళడం నాకు ఇష్టం లేదు. తొక్కిడి అవుతుందేమో, ఆ అరుపులకి చెవులు పాడవుతాయేమో అని నా భయం. వాడు నిద్రపోతుంటే ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసుకునే మనిషిని నేను. అయినా ఆయన ముఖం చూసి వెళ్ళాను.

మా వెనక వరసలో ఇద్దరు తెలుగులో మాట్లాడుకుంటున్నారు. అంత జనంలో మన మాట వినపడేసరికి ప్రాణం లేచివచ్చి వెనక్కి తిరిగాను.

"మీరు తెలుగోలేటి బావూ?"

ఆ ఇద్దరిలో కళ్ళజోడు పెట్టుకున్నవాడు మురళీమోహన్. పేరు నాకు తర్వాత తెలిసింది. అతను నన్ను కాకుండా పక్కవాడిని చూసి అన్నాడు. "జానకీ, విన్నావా? ఏటంట! గంగ ఒడ్డున ఉంటారు కదా, నోరు తెరిస్తే ఏరే."

ఇద్దరూ పగలబడి నవ్వారు. నేను కూడా నవ్వాను. ఏం చెయ్యాలో తెలియక.

అది మొదలు. మేం ఏం మాట్లాడుకున్నా వెనక నుంచి "ఏటి, ఏటి" అని కూస్తూనే ఉన్నారు. హైదరాబాద్ వికెట్లు పడుతున్నకొద్దీ ఆ కూతల్లో సరదా పోయి కోపం చేరింది. పోలిరాజు టీ తేవడానికి కిందికి వెళ్ళాడు. జానకిరామ్ కూడా తిండి తెస్తానని లేచి వెళ్ళాడు. ఇంతలో డప్పులు మోగేసరికి మధుబాబు జడుసుకుని ఏడుపు అందుకున్నాడు.

"ఆ పిల్లాడి నోరు మూయించు," అన్నాడు మురళీమోహన్.

"దడుసుకున్నాడు బావూ, ఊరుకుంటాడు."

"నువ్వు మూయిస్తావా, నన్ను మూయించమంటావా?"

నేను సమాధానం చెబుదామని తిరిగి అతని ముఖంలోకే చూస్తున్నాను. అందుకే నాకు అనుమానం లేదు. చేతిలో ఉన్న నీళ్ళ పాకెట్ ఎత్తి, గురి చూసి, నా భుజం మీదున్న బిడ్డ ముఖానికేసి కొట్టాడు. అది పగిలింది. చల్లటి నీళ్ళు. బిడ్డ నోరు తెరిచాడు గానీ ఏడుపు రాలేదు. ఊపిరి లోపలికి పోయి అక్కడే ఆగిపోయింది. పెదవులు నల్లబడ్డాయి. నేను వాడి వీపు మీద చరుస్తూ, ముఖం మీద ఊదుతూ, ఏ దేవుడిని పిలిచానో నాకే గుర్తులేదు. వెనక నుంచి "ఇప్పుడు చల్లబడ్డాడు" అని నవ్వు వినపడింది.

పక్క సీటులోని బెంగాలీ అమ్మాయి లేచి అతని మీద మండిపడింది. అతను కూడా లేచాడు. ఆమె మాట వినిపించుకోనట్టు, ఆమె తల మీదుగా వేలు చూపిస్తూ, తిండి తీసుకుని తిరిగొస్తూ దారి తప్పి వేరే మెట్లెక్కి పోతున్న స్నేహితుడిని గొంతు చించుకుని పిలిచాడు.

"జానకీ! జానకీ!"

కింది వరసలో ఎవరో ఆ ముక్క మాత్రమే ఫోన్‌లో తీశారు. అందులో ఒక ఆడపిల్ల ముఖం మీదికి వేలు చూపిస్తూ అరుస్తున్న మగవాడు కనపడతాడు. ఆ గోలలో 'జానకీ' అన్నది 'ఖాన్కీ' అని వినపడుతుంది. బెంగాలీలో ఆడదాన్ని అంతకన్నా నీచంగా తిట్టే మాట లేదు. పైగా ఎవరో ఆ మాటని ఎర్ర అక్షరాల్లో కింద రాసి పెట్టారు. చదివాక ఇంకేం వినపడుతుంది? కింద ఒక మూల నా భుజం, బిడ్డ బుర్ర కనపడతాయి. వాడు ఊపిరి అందక కొట్టుకుంటున్నాడని చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? అప్పటికి ఆ అమ్మాయి ఎవరో కూడా బయటపడలేదు.

రెండు రోజుల్లో అతని పేరు, న్యూ టౌన్‌లో పనిచేసే కంపెనీ పేరు జనం వెతికి పట్టేశారు. విచారణ అయ్యేదాకా ఆఫీసుకి రావద్దన్నారట. పోలిరాజు ఫోన్ పట్టుకుని గంతులేశాడు.

"సూసినావేటే! ఆడి వుజ్జోగం ఊడిపోద్ది. ఆ బూతుమాటకి."

"ఆడు అన్నేదు. జానకీ అని అరిసినాడు. నా నెత్తి మీదే కదా."

"అన్నాడో అన్నేదో మనకేటి? పోద్ది కదా. సాలు."

"ఎలగ సాల్తాది? నా గుంటడిని కొట్టినందుకు పోవాల. అన్నేని మాటకి పోతే మన గుంటడికి జరిగింది ఎవులికి తెలుస్తాది?"

పోలిరాజు తల గీరుకున్నాడు. అతనికి అర్థం కాలేదు. ఆ రోజు బిడ్డ పెదవుల రంగు అతను చూడలేదు మరి. టీ తెచ్చేసరికి వాడు ఏడుస్తున్నాడు. ఏడుస్తున్నాడంటే బతికినట్టే కదా, అతని లెక్కలో అక్కడికి అయిపోయింది. నాకు అవలేదు. వాడికి స్నానం చేయించబోతే చెంబు చూసి నా మెడ పట్టుకుని వేలాడేవాడు. వాడు వేలాడినప్పుడల్లా నేను ఆ కళ్ళజోడు ముఖాన్ని తిట్టుకునేదాన్ని. పైకి కాదు. పైకి తిడితే కోపం తగ్గిపోతుందని నాకు భయం.

ఆదివారం అతనే మా గుమ్మంలోకి వచ్చాడు. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో నా భుజం కనపడే ఆ బొమ్మ తిప్పి తిప్పి ఇల్లు కనుక్కున్నాడట. చేతిలో సందేశ్ మిఠాయి పెట్టె ఉంది.

"ఏటమ్మా, బాగున్నారేటి? గుంటడు బాగున్నాడేటి?" అన్నాడు.

లోపల నుంచి మా అత్త జగ్గమ్మ కేకేసింది. "ఎవులే ఆ బావు? మన మాటే మాటాడతన్నాడు గానీ నోట్లో ముద్దెట్టుకున్నట్టున్నాదే!"

నా ఒళ్ళు మండింది. అయినా పీట వేశాను. అతను కూర్చుని తన మామూలు తెలుగులోకి దిగాడు.

"చెల్లెమ్మా, నా బతుకు నీ చేతిలో ఉంది. ఆ జానకిరామ్ గాడు ఫోనెత్తడం లేదు. నేను జానకీ అనే అరిచానని నువ్వొక్క మాట చెప్పు. ఫోన్‌లో తీసుకుపోతాను."

"మరి నీల్ల పాకెట్ సంగతో బావూ?"

"అదెందుకమ్మా ఇప్పుడు? ఏదో సరదాకి విసిరింది. వాళ్ళకి అనవసరం."

సరదాకి. నేను బిడ్డని ఇటు భుజం నుంచి అటు భుజానికి మార్చుకున్నాను. అంతవరకు నా దగ్గర కోపమే ఉంది. ఆ మాటతో దారి కూడా దొరికింది.

"ఫోన్ల సెప్తే ఎవులు నమ్ముతారు బావూ? మీ ఆపీసుకే వచ్చి, మీ పెద్దోల్ల ముందల సెప్తాను."

అతని కళ్ళు మెరిశాయి. "దేవతవమ్మా నువ్వు!"

"మీకు బెంగాలీ వస్తాదేటి?"

"ఎక్కడమ్మా, వచ్చి మూడు నెలలేగా. హిందీతో లాగిస్తున్నా. ఎందుకు?"

"ఊరికే అడిగినాను."

అతను వెళ్ళాక అత్త పెట్టె మూత తీసి వాసన చూసి, "మంచి కొట్లోనే కొన్నాడు దొంగ సచ్చినోడు," అని ఒకటి నోట్లో వేసుకుంది.

విచారణ రోజున అతనే కారు బుక్ చేసి పంపాడు. న్యూ టౌన్‌లో అంతా అద్దాల మేడలు. లిఫ్ట్‌లో మధుబాబు చెవులు నొప్పి పుడతాయేమో అని వాడికి నా వేలు చప్పరించనిచ్చాను. పైన ఒక గదిలో జుట్టు నెరిసిన బెంగాలీ మేడమ్, ఆవిడ పక్కన టైప్ చేసే అమ్మాయి ఉన్నారు. మురళీమోహన్ నా పక్క కుర్చీలో ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు. ఏ భాషలో చెబుతావని మేడమ్ హిందీలో అడిగింది.

"బెంగాలీలో," అన్నాను.

ముందు అతనికి రావలసింది ఇచ్చేశాను. ఆ మాట అనలేదని, జానకిరామ్ అనే స్నేహితుడిని పిలిచాడని చెప్పాను. జానకి అన్న పేరు వినపడగానే అతను గట్టిగా తల ఊపాడు. తర్వాత నాకు రావలసింది తీసుకున్నాను. నీళ్ళని 'పానీ' అనకుండా 'జోల్' అన్నాను. బిడ్డని 'బచ్చా' అనకుండా 'ఛేలే' అన్నాను. హిందీకి దగ్గరైన మాటలు ఏరి పక్కన పెట్టి, మా వీధి ఆడవాళ్ళు గొడవలో వాడే బెంగాలీ అంతా వాడాను. 'పాకెట్' అన్న మాట రానివ్వకుండా, నీళ్ళ సంచి ఎలా ఎత్తాడో, ఎలా గురి చూశాడో, బిడ్డ ఊపిరి ఎలా ఆగిందో, అతను ఎలా నవ్వాడో, ఆ అమ్మాయి అసలు ఎందుకు లేచి తిట్టిందో చెప్పాను. నా గొంతు ఎక్కడా వణకనివ్వలేదు. వణికితే అతనికి అనుమానం వస్తుంది. మధ్యమధ్యలో 'జానకి' అన్నాను. అన్నప్పుడల్లా అతను తల ఊపుతూనే ఉన్నాడు.

మేడమ్ కళ్ళద్దాలు తీసి అతన్ని ఇంగ్లీషులో అడిగింది. ఈమె చెప్పింది నువ్వు ఒప్పుకుంటావా అని.

"అంతా నిజం మేడమ్. ఎవ్రీ వర్డ్," అన్నాడు.

టైప్ చేస్తున్న అమ్మాయి చేతులు ఆగిపోయాయి.

"అయితే పసిబిడ్డని కొట్టానని ఒప్పుకుంటున్నావు," అంది మేడమ్, ఈసారి హిందీలో.

అతను నావైపు తిరిగాడు. "ఏం చెప్పావే నువ్వు?"

"జరిగిందే సెప్పినాను బావూ. అంతా నిజమని నువ్వే అన్నావు."

"నీళ్ళ పాకెటే కదా మేడమ్! రాయి కాదు కదా!" అని హిందీలో అరిచాడు. అరిచాక గానీ ఆ మాటతో తనే ఒప్పేసుకున్నానని అతనికి తెలిసిరాలేదు. నాకు లోపల పండగలా ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఉంది.

నన్ను వెళ్ళమన్నారు. లిఫ్ట్ దగ్గరికి అతను పరిగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా చంకల్లో తడిసిపోయి ఉంది.

"నీకు దండం పెడతాను. మళ్ళీ లోపలికి రా. చెయ్యి జారి పడిందని చెప్పు. నా ఉద్యోగం పోతుంది, నాకూ ఇల్లుంది, సంసారముంది."

అతని కళ్ళలో నీళ్ళు నిజమైనవే. అది చూసి నా కాళ్ళు ఒక్క క్షణం ఆగాయి. మా ఆయనకి పని లేకపోతే ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

"సెప్తాను," అన్నాను. "ముందల ఈడికి సెప్పు. సెయ్యి జారిందని ఈడి మొకం సూసి సెప్పు."

అతను చెప్పడనుకున్నాను. బిడ్డ ముఖం చూస్తే నోరు రాదనుకున్నాను. తల దించుకుని తప్పయిపోయిందంటే ఏం చేసేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు.

అతను వంగాడు, నవ్వు తెచ్చుకున్నాడు. "బుజ్జీ, మామయ్య చెయ్యి జారిందిరా నాన్నా. కావాలని కొట్టలేదు," అన్నాడు తడుముకోకుండా.

మాటలు రాని బిడ్డకి కూడా అబద్ధం చెప్పేశాడు. నేను లిఫ్ట్ మీట నొక్కాను. తలుపులు మూసుకునేదాకా అతను నన్ను చెల్లెమ్మా అని పిలుస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రమే అతన్ని తీసేశారు. కంపెనీ వాళ్ళ ప్రకటనని ఎవరో బెంగాలీలో ఆ క్లిప్పు కిందే పెట్టారు. నేను ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాను. అతను ఆ బూతుమాట అనలేదని, తల్లి భుజం మీదున్న పసిబిడ్డని కొట్టాడని, అందుకే తీసేశామని ఉంది. ఈసారి కారణం సరిగ్గా రాశారు.