గట్టు లేని ఆకాశం

మా అత్తగారు సుబ్బులమ్మగారు నా పెళ్ళయిన నాటి నుంచి నాతో ఒక్క మాట కూడా నేరుగా మాట్లాడలేదు. కోపమేమీ లేదు, అది మర్యాద. ఈ చిత్తూరు వైపు ఆడపిల్లను మేనమామకో, మేనమామ కొడుక్కో ఇవ్వడం ఎక్కువ. అందువల్ల చాలా ఇళ్ళలో అత్త అంటే సొంత అక్కో, మేనత్తో అయి ఉంటుంది. చాటూ మరుగూ అక్కర్లేదు. నేను మాత్రం బయటి సంబంధం. మదరాసులో బి.ఏ. ముగించి, ఇక్కడ హైస్కూల్లో సైన్సు చెప్పడానికి వచ్చినవాణ్ణి. బయటి అల్లుడి ఎదుట అత్త కూర్చోకూడదు, మాట కలపకూడదు. మామగారు పోయాక ఆవిడ మా ఇంట్లోనే ఉంటున్నా ఆ నియమం సడలలేదు.

వంటింటి తలుపు వెనక నుంచి “ఆయనకు ఇంగ రవ్వంత పులుసు పొయ్యి” అని కూతురికి చెప్పేవారు. “చాలని చెప్పు” అని నేను నా భార్యకు చెప్పేవాణ్ణి. వరదమ్మ మా ఇద్దరి మాటలూ మోస్తూ, మధ్యలో తన సొంతవి నాలుగు కలుపుతూ, నవ్వుకుంటూ తిరిగేది.

కిందటేడు వానాకాలంలో వరదమ్మ టైఫాయిడుతో పోయింది. ఏడవడానికి కూడా మేమిద్దరం చెరో గదిలోకి వెళ్ళాం.

తర్వాత కొన్నాళ్ళు మా మాటలు ఒక పిల్లి మోసింది. పక్కింటి నుంచి పాల కోసం వచ్చేది. “పిల్లీ, మజ్జిగ ఇంగా ఉండాదని సెప్పు” అని తలుపు వెనక నుంచి వినిపించేది. “పిల్లీ, రేపు బడి లేదని చెప్పు” అనేవాణ్ణి నేను. అదొక ఊరట. వేసవి రాగానే పిల్లి ఎవరి అటక మీదో పిల్లలు పెట్టి, మా ఇంటికి రావడం మానేసింది. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. నేను విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే చాలని అర్థం. ఆవిడ గ్లాసు కిటికీలో పెడితే కాఫీ అయిందని అర్థం. యుద్ధం రోజులు, చక్కెర దొరకడం లేదు. అయినా నా గ్లాసులో మాత్రం ఎలాగో తీపి ఉండేది. “మీకుందా?” అని అడగడానికి దారి లేదు.

అటువంటి రోజుల్లోనే ఆవిడ పూతలపట్టులో ఉన్న తమ్ముడు గంగాధరానికి కబురు పెట్టారట, వచ్చి తీసుకుపొమ్మని. ఆ సంగతి నాకు పెట్టె సర్దుతున్న చప్పుడు వల్ల తెలిసింది. ఉండమని అడగాలని ఉంది. ఏ నోటితో అడగను? ఇద్దరే మిగిలిన ఇంట్లో ఒకరు వెళ్ళిపోతే మిగిలేది ఇల్లు కాదు, బస.

అదే వారం రీడింగు రూములో నన్ను ఉపన్యాసం ఇమ్మన్నారు. విశ్వం అంతులేనిదా, దాని ఆకారమేమిటి అన్నది విషయం. నాకు ఏ పాఠమైనా ముందు ఖాళీ గదికి చెప్పుకుని చూసే అలవాటు. ఆ ఉదయం వసారాలో అటూ ఇటూ నడుస్తూ గట్టిగా చెప్పుకుంటున్నాను. “ఆకాశానికి అంతు ఉండవచ్చు. అయినా గట్టు లేకపోవచ్చు.”

లోపల రుబ్బురోలు ఆగింది. నేను మళ్ళీ మొదలుపెడితే తిరిగింది. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆగింది.

అంతలో గంగాధరం వచ్చాడు. చెమట తుడుచుకుని వసారాలో కూర్చుని, బొగ్గు గ్యాసు బస్సు దారిలో ఎక్కడెక్కడ నిలిచిపోయిందో, ఎవరెవరు దిగి తోశారో చెప్పాడు. “మళ్ళా అదే బస్సు వెనక్కి పోతాది. అక్కా, బయల్దేరు.”

తలుపు వెనక గాజులు కదిలాయి. “పోదాంలే. ముందు ఆయన్ని ఒక మాట అడుగు. అంతుండాదంటాడు, గట్టు లేదంటాడు. అంతుండే వరి కయ్యకు గట్టుండదా?”

గంగాధరం నా వైపు తిరిగాడు. “ఇనపడింది కదప్పా?”

“వినపడింది. కానీ నువ్వు అడగాలి.”

“సరి. అంతుండే కయ్యకు గట్టుండదా అంటా ఉండాది అక్క.”

“మామిడికాయ మీద చీమను తలచుకోమను,” అన్నాను. వసారా మూల బుట్టలో కాయలున్నాయి, వాటిని చూస్తూనే ఆ పోలిక తయారు చేసుకున్నాను. “ఎటు నడిచినా చీమకు గట్టు అడ్డం రాదు. అలాగని కాయ అంతులేనిది కాదు, చేతిలో పట్టేంతే. చీమ తిన్నగా పోతూ పోతూ బయల్దేరిన చోటికే వస్తుంది. ఆకాశం కూడా అలా తనలోకే వంగి ఉండవచ్చునని కొందరు పండితులంటున్నారు. వంగలేదు, ఎప్పటికీ సాగిపోతూనే ఉంటుందని మరికొందరు. ఏది నిజమో ఇంకా తేలలేదు.”

గంగాధరం తలుపు వైపు తిరిగాడు. “అక్కా, ఆకాశం మామిడికాయంట. మనం దానికి పట్టిన చీమలంట.”

“కాయకు బయట ఏముందో అడుగు.”

“బయట ఏముందప్పా?”

“బయట అన్నదాన్ని వదిలేయాలి. ఆ చీమకు పైకి చూడడం, లోపలికి తొలవడం తెలియదనుకోవాలి. కండ లేదు, టెంక లేదు, పైన గాలి లేదు. తోలొక్కటే దాని లోకం.”

“తోలంట అక్కా.”

“లోపల టెంక సంగతి?”

గంగాధరం నన్ను అడగలేదు. ఎండ ముదురుతోంది, బస్సు చేజారిపోతుందని అతని బెంగ. “టెంకలో దేవుడుండాడంట.”

“నేనలా అనలేదు,” అన్నాను.

“ఏదో ఒకటి ఉండాల కదప్పా టెంకలో. ఊరికే ఉంటాదా?” తలుపు వైపు గొంతు పెంచాడు. “ఆ దేవుడే సుట్టూ ఎత్తుగా గోడ కట్టిపెట్టినాడంట. అయిపోయింది. ఇంగ పెట్టె తీసుకో.”

తలుపు దభాలున తెరుచుకుంది.

“గోడ లేదనే కదరా ఆయన పొద్దుట్నుంచీ గొంతు పోయేట్టు సెప్తా ఉండేది? ఒక్క మాట సరిగ్గా మోసేది తెల్దా నీకు?” సుబ్బులమ్మగారు వసారాలోకి వచ్చేశారు. చేతికి పిండి అంటుకునే ఉంది. బుట్టలోంచి ఒక కాయ తీసి, నేల మీద కూర్చుని, నా ముందుకు చాపారు. “సూపీ నాయనా. చీమ యాడ బయలుదేరి యాడికి పోతాది?”

నేను లేచి నిలబడ్డాను. గంగాధరం నోరు తెరిచి చూస్తున్నాడు. ఆవిడ ముఖం పగటి వెలుతురులో అంత దగ్గరగా నేను ఎన్నడూ చూడలేదు. వరదమ్మ కనుబొమలు ఎవరివో అప్పుడు తెలిసింది.

కూర్చుని, కాయ అందుకుని, తొడిమ దగ్గర నుంచి వేలితో ఒక గీత గీశాను. ఆ పిండి చేతి వేలు నా వేలి వెంటే వచ్చింది. చుట్టూ తిరిగి తొడిమ దగ్గరికి వచ్చాం.

ఆవిడ మళ్ళీ ఒకసారి తానే తిప్పి చూసుకున్నారు. “నిజమే. గట్టు తగల్లేదు.” వేలు తొడిమ మీదే ఉంచి, “అట్లయితే నాయనా, పోయినోళ్ళు తిన్నగా పోతా ఉంటే మళ్ళా ఈడికే వస్తారా?”

ఉపన్యాసంలో దీనికి జవాబు రాసుకోలేదు. “చాలా కాలం పడుతుందత్తా. పైగా ఆకాశం ఉన్నచోటే ఉండక, అంతకంతకూ సాగుతోందని కూడా అంటున్నారు.”

“సాగితే ఇంగా ఆలస్యం కదా.”

“ఆలస్యమే. అసలు వంగి ఉందో లేదో కూడా నాకు తెలియదత్తా.”

“తెలీకుంటే తెలీదనే సెప్పు. దాందేముంది?” అన్నారు ఆవిడ. గొంతులో నిష్ఠూరం లేదు. కాయను ఒడిలో పెట్టుకుని, “కానీ తోలు దేంట్లో ఉండాదనేది నువ్వు తప్పించుకున్నావు. అది నేను ఒప్పుకోను,” అన్నారు.

వీధి చివర బస్సు హారను మోగింది. గంగాధరం లేచాడు. “అక్కా.”

ఆవిడ కదలలేదు. నా వైపూ చూడలేదు. ఇక మోసేవాళ్ళు ఎవరూ లేరని నాకు అర్థమైంది.

“ఉండండత్తా,” అన్నాను. “వెళ్ళొద్దు. ఈ మాట ఎవరితో చెప్పించాలో తెలియకే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.”

గంగాధరం తల పట్టుకున్నాడు. “ఊర్లో ఏమని సెప్పేది? కూతురు లేని ఇంట్లో అల్లుడి ముందర కూర్చోని మామిడికాయ తిప్పతా ఉండాదని సెప్పేదా?”

“సెప్పు. ఉండేదే కదా.”

“మర్యాద ఒకటుండాది కదక్కా.”

“మర్యాదతోనే మాటల్లేకుండా పోయె ఈ ఇంట్లో. ఆ మూగతనం ఓర్సుకోలేకనే వస్తానంటిని. ఇప్పుడు మాటొచ్చె. ఇంగ నీ ఇంటికొచ్చి నేనేం సేసేది, నీ పెండ్లాం నోరు ఇనేదా?”

గంగాధరానికి నవ్వొచ్చింది. పాపం, మంచివాడు. “కొంచెం కాయలన్నా ఇచ్చి పంపు. బస్సు తోసేదానికి బలముండాల,” అన్నాడు. ఆవిడ అతని పైపంచెలో కాయలు పోసి మూట కట్టి ఇచ్చారు. అతను వీధిలో పరుగెత్తుతుంటే, “పడతావురా, నిదానం,” అని కేకేశారు. బస్సు అతని కోసం నిలిచింది. బహుశా తోసేవాళ్ళు కావాలి కాబట్టి.

వసారాలో ఇద్దరమే మిగిలాం. ఇన్నాళ్ళ మాటలు బాకీ ఉన్నాయి. ఏది ముందు మొదలుపెట్టాలో నాకు తోచలేదు. ఆవిడ మాత్రం వెతుక్కోలేదు.

“చొక్కా ఇప్పు,” అన్నారు.

“ఎందుకత్తా?”

“వెనక కాలరు సినిగి నెలయింది. బడి పిలకాయలంతా సూస్తా ఉంటారు. పిల్లితో సెప్పి పంపే మాటా అది? సూదీ దారం యాడ పెట్టిందో నా బిడ్డ.”

ఎక్కడుందో నాకు తెలుసు. తెచ్చి ఇచ్చాను. ఆవిడ వెలుతురు వైపు తిరిగి సూదిలోకి దారం ఎక్కించుకుంటుంటే, నేను బనీనుతోనే కూర్చుని, తోలు దేంట్లో ఉందో మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.