గోడమీద మోకాళ్ళు

చీర మోకాళ్ళదాకా ఎగ్గట్టి వరండా కడుగుతుంటే వచ్చారు మార్కెట్ కమిటీవాళ్ళు. పెద్దాయన రామమూర్తి గారు ముందు, వెనక ఇంకో ఇద్దరు. సబ్బునీళ్ళు దాటుకుని వెళ్ళి కుర్చీల్లో కూర్చున్నారు. అప్పుడే కడిగిన చోటల్లా చెప్పుల మట్టి. మా ఆయన ప్రసాదరావు లోపల్నుంచి వస్తూనే, "తులసీ, కాఫీ" అన్నారు.

మాట్లాడుకునేది బొమ్మ గురించే. ఆకివీడు స్టేషన్ రోడ్డులో మార్కెట్ గోడమీద ఇందుజ వేసిన బొమ్మ. మోకాలిలోతు కొల్లేటి నీళ్ళల్లో నిలబడి వల లాగుతున్న ఆడమనిషి. ఇందుజ నా శిష్యురాలే. అత్తగారు మంచాన పడి నేను ఉద్యోగం మానేసేదాకా, బళ్ళో డ్రాయింగ్ టీచర్ని నేనే.

"ఆడపిల్లలు బడికెళ్ళే దారండీ అది. ఆ మోకాళ్ళేంటండీ అలాగ?" అన్నారు రామమూర్తి గారు. "బొమ్మలంటే మాకేం పడక కాదండీ. చీర ఓ రెండు జానలు కిందికి దించితే చాలు. కుదరదంటే ఆదివారం సున్నం కొట్టించేస్తాం."

"దానికేం భాగ్యమండీ, మా ఆవిడ దించేస్తుంది. ఇంట్లో ఖాళీగానే ఉంటుంది కదా" అన్నారు మా ఆయన.

కాఫీ గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. చీర దించుకోవడం మర్చిపోయాను. గచ్చుమీద ఆనీ ఆనీ నల్లబడ్డ నా మోకాళ్ళు వాళ్ళ కళ్ళెదురుగానే ఉన్నాయి. ఒక్కరూ తల తిప్పుకోలేదు. ఒకాయన "పంచదార కాస్త తగ్గిందమ్మా" అన్నాడంతే.

ఒళ్ళు మండిపోయింది. ఈయన నన్ను అడక్కుండా ఒప్పేసుకోవడం కొత్తేమీ కాదు. ఎవరింట పెళ్ళయినా పేర్ల బోర్డు నేనే రాయాలి, చవితి పందిట్లో వెనక తెర నేనే వెయ్యాలి. అవన్నీ ఖాళీగా ఉన్నందుకు చేసే పనులు. "నీ బొమ్మలు కూడు పెడతాయా?" అనేవారు అత్తగారు, నేను కలిపిన ముద్ద నమలుతూ. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. వెయ్యనంటే గోడంతా సున్నమే. వేస్తే బొమ్మ నిలుస్తుంది, కానీ నిండుచీరతో నీళ్ళల్లో దిగి వల లాగే మనిషిని ఎవరైనా చూశారా? ఆ సాయంత్రం ఇందుజ ఫోన్ చేసింది.

"మీరే దించుతారటగా టీచర్? సున్నం కొడితే ఏడ్చి ఊరుకుంటానండీ. మీ చేత్తో మాత్రం వద్దు."

ఫోన్ పెట్టేశాను. సిగ్గేసింది.

ఆదివారం పొద్దున్నే మా ఆయన రంగు డబ్బా, బ్రష్షు గుమ్మం పక్కన పెట్టి, "వాళ్ళొచ్చేస్తారు, త్వరగా వరండా కడిగెయ్" అన్నారు. నేను చీర పాదాల దాకా దించుకుని మొదలుపెట్టాను. అంచు తడిసి కాళ్ళకి చుట్టుకుంది. ఒంగితే కుచ్చిళ్ళు చీపురుకి అడ్డం. అడుగు వెయ్యబోయి జారాను, బకెట్ తిరగబడింది. కమిటీవాళ్ళు గేటు దగ్గరే ఆగిపోయారు. వరండా నిండా నీళ్ళు. కాఫీ లేదు.

"ఏంటి తులసీ ఇది! చీర కాస్త పైకి కట్టుకుని చేసుకోవచ్చుగా!" అని కేకేశారు మా ఆయన.

"ఆ మాటేదో వీళ్ళకి చెప్పండి" అన్నాను.

రామమూర్తి గారు గడియారం చూసుకున్నారు. "ఎందుకైనా మంచిదని సున్నం వేసేవాణ్ణి రమ్మన్నాను, వచ్చేసుంటాడు, పదండి" అన్నారు. వాళ్ళ మనసు మారుతుందని నేనూ అనుకోలేదు.

మెట్లమీద కూర్చుని తడిసిన అంచు పిండుకున్నాను. చీర మళ్ళీ మోకాళ్ళదాకా ఎగ్గట్టాను. రంగు డబ్బా అక్కడే వదిలేసి, వాళ్ళకంటే ముందు గేటు దాటి, ఇందుజ బొమ్మ ఉన్న గోడ వైపు నడిచాను. వెనక నుంచి మా ఆయన "చీర! తులసీ, చీర!" అంటున్నారు. నడివీధిలోకి వచ్చాక కూడా దించుకోలేదు.