చక్రంలో ఇమిడే మోటారు

ఆమె గిన్నెలు తోముతుంటే భర్త వంటింటి గుమ్మంలోకి వచ్చి, బొమ్మ కారు చక్రం ఒకటి చూపించాడు. సీసా మూతకన్నా కాస్త పెద్దది. "దీంట్లో పట్టే మోటార్లు ఎక్కడైనా దొరుకుతాయేమో చూడు. నీకెలాగూ ఖాళీయేగా" అన్నాడు.

ఇద్దరూ ఒకే కాలేజీలో ఇంజనీరింగ్ చదివారు. మోటార్ల పాఠం అతనికి అర్థమయ్యేదాకా చెప్పింది ఆమే. ఇప్పుడతను కార్ల కంపెనీలో డిజైనరు. అత్తగారు మంచం పట్టినప్పుడు "ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా" అన్నాడు. ఆ ఎవరో ఒకరు ఎవరని ఎవరూ అడగలేదు, ఆమెతో సహా. ఆమె ఉద్యోగం మానేసింది.

కంపెనీ ప్రదర్శనలో పెట్టే నమూనా కారుకి నాలుగు చక్రాల్లోనూ మోటార్లు ఉండాలి. దొరికినవన్నీ పొడుగాటివి, చక్రంలోంచి బయటికి పొడుచుకొచ్చేవి. "మోటారు కారు మధ్యలో పెట్టుకోండమ్మా, చక్రాలు తిరిగితే చాలదా?" అన్నాడు బొమ్మల కొట్టాయన. చాలదు. ఆమెకది మొండి పట్టుదల అయిపోయింది. ఒక మధ్యాహ్నం అత్తగారి మోకాలికి మందు రాస్తూ, దిండుకి ఆనించిన ఫోనులో, కెమెరా వణక్కుండా పట్టుకునే పరికరాన్ని ఎవరో విప్పుతుంటే చూసింది. లోపల బిళ్లలాంటి మోటారు. ఇరుసు కదలదు, పై డొప్పే తిరుగుతుంది. డొప్పే తిరుగుతుంటే దానిమీదే టైరు తొడిగితే సరిపోదూ!

"అమ్మాయ్, ఆ మోకాలు అరిగిపోతుందే" అంది అత్తగారు.

మోటార్లు తెప్పించి, తీగలు అతికించి, టైర్లు తొడిగింది. కారు చప్పుడు లేకుండా అత్తగారి మంచం దాకా వెళ్లి ఆగింది. నేలమీద కూర్చున్న ఆమెకి ఎందుకో ఏడుపొచ్చింది.

"ఇది నువ్వు చేశావా?"

"అవునత్తయ్యా."

"మరి వాడు తనే చేశానని ఫోనులో ఎవరికో చెబుతున్నాడే!"

ఆ రాత్రి ఆమె భర్తతో ప్రదర్శనకి తనూ వస్తానంది. పొరుగావిడని అత్తగారి దగ్గర కూర్చోబెట్టి వెళ్లింది.

తీసుకెళ్లడానికి ఊడదీసిన తీగలు అక్కడ మళ్లీ కలిపింది భర్త. ఒక చక్రం వెనక్కి తిరిగి, కారు ఉన్నచోటే గిరగిరా తిరిగింది. అతను జనంలోంచి ఆమెకి కళ్లతో సైగ చేశాడు. ఆమె వెళ్లి స్విచ్చి ఆపి, ఆ మోటారు తీగల్లో రెండింటిని అటూ ఇటూ మార్చింది. కారు తిన్నగా సాగింది.

"ఈవిడెవరు?" అంది అతని పై అధికారిణి.

"మా ఆవిడండీ. తోచక కాస్త సాయం చేస్తుంటుంది."

"ఈ మోటార్లు వెతికిందీ, అమర్చిందీ నేనేనండీ" అంది ఆమె.

"మీరెక్కడ పనిచేస్తున్నారు?"

"ఇంకా ఎక్కడా చేరలేదండీ."

ఆ 'ఇంకా' ఎక్కణ్నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. అధికారిణి మర్నాడు ఉదయం వచ్చి కలవమంది.

ఇంటికొచ్చాక అతను చెప్పులు విడుస్తూ, "రేపు పొద్దున అమ్మకి జావ ఎవరు పడతారు?" అన్నాడు.

"గోరువెచ్చగా ఉండాలండీ" అంది ఆమె. "చెంచా నిండా పట్టకండి, పొలమారుతుంది."